పుట్టుకతో వచ్చిన బలం అనే మాట గురించి



పోస్టు పెద్దదే. రగ్బీ గురించి, అందులో బలం పెంచుకునే ట్రైనింగ్ గురించి. కబడ్డీ, అథ్లెటిక్స్ ఆడేవాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి ఓపిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న ఒక తమ్ముడు ఇక్కడే అడిగాడు, "అక్కా, మనం చిన్నప్పటి నుంచి కట్టెలు మోసినోళ్ళం, గుట్టలెక్కినోళ్ళం. మనకి మళ్ళీ బరువులెత్తుడు ఎందుకు? అది పట్నం పిల్లల పని కదా" అని. రెండు లైన్లలో జవాబు రాసి వదిలేద్దామనుకున్నా. కానీ ఇదే మాట నాలుగేళ్ళుగా గ్రౌండులో వేరే నోళ్ళ నుంచి కూడా వింటున్నా. "మీ ట్రైబల్ పిల్లలకేంటమ్మా, పుట్టుకతోనే స్ట్రాంగు" అంటారు. వినడానికి మెచ్చుకోలు లాగే ఉంటుంది. ఇప్పుడు మాత్రం ఆ మాట చెవిన పడగానే నాకు ఒక్కటే అనిపిస్తుంది, ఇక వీళ్ళు మా ప్లేట్లో గుడ్డు తగ్గిస్తారని.

ఎందుకంటున్నానో చెప్తా.

ముందు ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. కోడిగుడ్డు ఆకారం బంతి, చేత్తో వెనక్కే పాస్ చెయ్యాలి, పట్టుకుని ముందుకు పరిగెత్తాలి, అవతలివాళ్ళు నడుము కింద పట్టుకుని పడేస్తారు. పెద్ద ఆటలో జట్టుకి 15 మంది, 80 నిమిషాలు. మేమాడేది సెవెన్స్, అంటే జట్టుకి 7 మంది, 7 నిమిషాల చొప్పున రెండు సగాలు. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఇదే. 2025 జూన్‌లో ముంబైలో మొదటిసారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది, అందులో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టు కూడా ఉంది. మనవాళ్ళు చాలామందికి తెలియదు.

14 నిమిషాలేగా అనుకోవద్దు. ఆ 14 నిమిషాల్లో ఒక్కో ప్లేయరు ఒకటిన్నర కిలోమీటరు చుట్టుపక్కల పరిగెత్తుతారు. ఆ దూరం ఒక్క తీరుగా సాగదు. ఇరవై మీటర్లు ప్రాణం పెట్టి ఉరకాలి, ఒకర్ని గుద్దుకోవాలి, కింద పడాలి, లేవాలి, మళ్ళీ ఉరకాలి. ఒకే రోజు రెండు మూడు మ్యాచులు కూడా ఉంటాయి. నేను హుకర్‌ని, అంటే స్క్రమ్‌లో ముందు వరస మధ్యలో మెడ వంచి నిలబడేదాన్ని. అటునుంచి ముగ్గురు, ఇటునుంచి ముగ్గురు తోసుకుంటుంటే మధ్యలో నా మెడ ఉంటుంది.

ఇప్పుడు కట్టెల మోపు సంగతి. మోపు మోస్తే బలం రాదని నేననను. మెడకి, వీపుకి, నడుముకి అది మంచి పునాది. మొదటిసారి స్క్రమ్‌లో దిగినప్పుడు పట్నం అమ్మాయిల మెడలు మూడు రోజులు పట్టేశాయి, నాకేమీ కాలేదు. అది మా అమ్మమ్మ నా నెత్తిన పెట్టిన మోపుల పుణ్యమే. కానీ మోపుకి ఒక గుణం ఉంది. పన్నెండేళ్ళప్పుడు ఎత్తిన మోపు, పద్దెనిమిదేళ్ళప్పుడు ఎత్తిన మోపు దాదాపు ఒకే బరువు. శరీరం దానికి అలవాటు పడిపోయి, "సరే, ఇంత చాలు" అని ఆగిపోతుంది. బలం పెరగాలంటే బరువు కొంచెం కొంచెంగా పెరుగుతూ పోవాలి. వారానికి ఒక కిలో, రెండు కిలోలైనా సరే. బరువులెత్తే విద్య అంతా ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది, మిగతావన్నీ దాని చుట్టూ ఉన్న వివరాలే.

ఇంకో తేడా వేగంలో ఉంది. మోపుతో మనం నిదానంగా నడుస్తాం. ఫుల్ స్పీడులో ఉరికేటప్పుడు ఒక్కో అడుగు నేల మీద ఉండేది సెకనులో పదో వంతు. మనిషి తన పూర్తి బలం బయటికి తియ్యడానికి దానికి మూడింతల టైమన్నా పడుతుంది. అంటే నీలో బలం ఉన్నా, అది బయటికి వచ్చేలోపు కాలు నేల విడిచేసి ఉంటుంది. అందుకే రగ్బీవాళ్ళు రెండూ చేస్తారు. బరువులెత్తి బలం పెంచుకుంటారు, గెంతులు, చిన్న స్ప్రింట్లు, బరువు బంతి విసురుళ్ళు చేసి ఆ బలాన్ని త్వరగా వాడడం నేర్చుకుంటారు. ఒక్క బరువులే ఎత్తితే ఎడ్లబండి అవుతాం. ఒక్క పరుగే పెడితే మొదటి ట్యాకిల్‌కి లేచి ఎక్కడో పడతాం.

చెల్లెళ్ళు అడిగేది నాకు తెలుసు: "అక్కా, బరువులెత్తితే మగపిల్లల్లాగా అయిపోతామా?" నా లెక్క చెప్తా. మొదలుపెట్టినప్పుడు 51 కిలోలున్నా. ఖాళీ బార్, అంటే 20 కిలోలతో స్క్వాట్ చేస్తే మోకాళ్ళు వణికేవి. పద్నాలుగు నెలల తర్వాత 72 కిలోలతో చేస్తున్నా. నా ఒంటి బరువు పెరిగింది మూడు కిలోలు. నిలబడి ముందుకు గెంతితే 1 మీటరు 68 సెంటీమీటర్లు పడేది, ఇప్పుడు 1 మీటరు 94. మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల రాదు, మెదడు, నరాలు ఉన్న కండనే బాగా వాడడం నేర్చుకుంటాయి. కండ పెరగడం తర్వాత సంగతి, అది కూడా తిండి బట్టి. కాబట్టి భయపడకండి. అద్దంలో నేను నేనే.

"పుట్టుకతో బలం" అనే మాట ఒక్క మన గురించే అనరు. ఫిజీ వాళ్ళ గురించీ ఇలాగే అంటారు. చిన్న దీవుల దేశం, ఊరూరా రగ్బీ ఆడతారు, "వాళ్ళకి నేచురల్" అంటుంది లోకమంతా. 2013లో బెన్ ర్యాన్ అనే ఇంగ్లండ్ కోచ్ అక్కడికి వెళ్ళాడు. బంతితో వాళ్ళు చేసే మాయాజాలాన్ని అతను ముట్టుకోలేదు. ఫిట్‌నెస్, తిండి, క్రమశిక్షణ పట్టుకున్నాడు. సిగటోకా అనే చోట సముద్రం పక్కన పెద్ద పెద్ద ఇసుక దిబ్బలుంటాయి, వాటి మీదకి ఉరికించాడు. ఇసుకలో కాలు దిగబడుతుంది, ప్రతి అడుగుకీ తొడలతో తన్నుకుని లేవాలి, అయినా మోకాలికి దెబ్బ తక్కువ. 2016 రియో ఫైనల్లో బ్రిటన్‌ని 43-7తో కొట్టారు. ఆ దేశానికి ఏ ఆటలోనైనా అదే మొదటి ఒలింపిక్ మెడల్. టోక్యోలో న్యూజిలాండ్‌ని 27-12తో కొట్టి మళ్ళీ బంగారమే. నేచురలే అయితే దిబ్బలెందుకు?

దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసీ కథ ఇంకా మనకి దగ్గర. జ్వీడే అనే నల్లవాళ్ళ బస్తీలో నానమ్మ దగ్గర పెరిగాడు. ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని తనే చాలాసార్లు చెప్పాడు. ఒక ట్రయల్‌కి ఆటనిక్కరు లేక లోపలేసుకునే బాక్సర్‌తో ఆడాడు. పన్నెండేళ్ళకి మంచి స్కూల్లో స్కాలర్‌షిప్ వచ్చింది. ఆట నేర్పేవాళ్ళు ఎంత దొరికారో, మూడు పూటలా తిండి కూడా అంతే ముఖ్యంగా దొరికింది. 2019లో ప్రపంచ కప్పు ఎత్తాడు, 2023లో మళ్ళీ ఎత్తాడు. అదే జట్టులో చెస్లిన్ కోల్బీ అని ఒక వింగర్, అయిదడుగుల ఏడంగుళాల మనిషి, 80 కిలోలు కూడా ఉండడు. 2019 ఫైనల్లో ఇంగ్లండ్ మీద ట్రై కొట్టాడు. "నేను పొట్టి, రగ్బీకి పనికిరాను" అనుకునే తమ్ముళ్ళు అతని వీడియోలు చూడండి.

మన దేశంలోకి వస్తే, భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఆదివాసీ పిల్లలు 2007లో లండన్ వెళ్ళి అండర్-14 స్కూళ్ళ టోర్నమెంటు గెలిచారు. దాని మీద 'జంగిల్ క్రై' అని సినిమా కూడా వచ్చింది. (ఆదివాసీ గెలిస్తే టైటిల్లో జంగిల్ రాక తప్పదనుకుంటా.) అక్కడే చదువుకున్న ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్ 2019లో మనీలాలో సింగపూర్ మీద చివర్లో పెనాల్టీ కొట్టింది, భారత్ 21-19తో గెలిచింది. 15 మంది ఆటలో మన ఆడవాళ్ళ జట్టుకి అదే మొదటి అంతర్జాతీయ గెలుపు. బెంగాల్లో సిలిగురి దగ్గర సరస్వతీపూర్ టీ తోటలో పనిచేసే ఆదివాసీ కుటుంబాల అమ్మాయిలు కూడా ఇండియా జెర్సీ వేసుకున్నారు. ఈ కథలు చెప్పేటప్పుడు జనం "చెప్పులు లేని పిల్లలు" అనే ముక్క పట్టుకుంటారు. రోజూ ప్రాక్టీసు, రోజూ కోచ్, రోజూ భోజనం ఉన్నాయనే ముక్క వదిలేస్తారు. నాకైతే రెండోదే అసలు కథ.

ఇప్పుడు ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. తన అనుమతితోనే రాస్తున్నా, పేరు రాయను.

రెండేళ్ళ కింద ఒక క్యాంపుకి వెళ్ళాం. ఏ క్యాంపో అనవసరం. ఏప్రిల్ నెల, పొద్దున పది దాటింది. ముందు రోజు రాత్రంతా బస్సులో వచ్చాం, సరిగ్గా నీళ్ళు కూడా తాగలేదు. లేటుగా వచ్చారని మొత్తం జట్టుకి పనిష్‌మెంటు వేశారు, వంద మీటర్లు ఉరుకుడు, వెంటనే వెనక్కి, పదహారు సార్లు, మధ్యలో ఆగొద్దు. ఎవరో అలిసిపోయాం సార్ అంటే, "అడవి పిల్లలు, మీకిదో లెక్కా" అన్నాడు ఆ సారు. ఏడో రౌండులో మా చెల్లి కాళ్ళు మెల్లగా మడత పడిపోయాయి. పిక్క పట్టేస్తే గట్టిగా రాయిలా అవుతుంది, మనిషి అరుస్తుంది. తనకలా కాలేదు. తొడలు మెత్తగానే ఉన్నాయి, కానీ పనిచెయ్యట్లేదు. "అక్కా, కాళ్ళు నావి కానట్టున్నాయి" అంది, మామూలుగానే మాట్లాడుతూ. సారు యాక్టింగ్ అన్నాడు. మేమిద్దరం నీడకి మోసుకుపోయి పడుకోబెట్టి, నీళ్ళు తాగించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆ డాక్టరమ్మ మంచిది. మీది ఏ ఊరు, ఏ తెగ అని అడిగి సికిల్ సెల్ పరీక్ష రాసింది. ట్రెయిట్ ఉన్నట్టు తేలింది.

సికిల్ సెల్ అంటే మన గ్రూపులో సగం మందికి తెలుసు, ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరుంటారు. అమ్మ నుంచి, నాన్న నుంచి ఇద్దరి నుంచీ ఆ జీను వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ట్రెయిట్. ట్రెయిట్ ఉన్నవాళ్ళు మామూలుగానే ఉంటారు, చాలామందికి తమకుందని జీవితాంతం తెలియదు. కానీ ఎండలో, నీళ్ళు లేకుండా, ఆపకుండా ప్రాణం పెట్టి ఉరికితే కొందరిలో ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకి అడ్డం పడతాయి, కండకి ఆక్సిజన్ అందదు, కండ చితికిపోతుంది. ఆ విషం కిడ్నీ మీద పడుతుంది.

అమెరికాలో 2006లో డేల్ లాయిడ్ అనే పందొమ్మిదేళ్ళ నల్లజాతి కుర్రాడు, రైస్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరినవాడు, వంద గజాల స్ప్రింట్లు పదహారు చేసిన ప్రాక్టీసులో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. ట్రెయిట్ ఉందని ఎవరికీ తెలియదు. పదహారు అనే ఆ అంకె చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత 2010 నుంచి అక్కడ మొదటి డివిజన్ కాలేజీ ఆటగాళ్ళకి సికిల్ పరీక్ష నియమం పెట్టారు.

భయపెట్టడానికి రాయట్లేదు. 2016లో అమెరికా సైన్యంలో సుమారు 48 వేల మంది నల్లజాతి సైనికుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ట్రెయిట్ ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కంటే ఎక్కువగా చనిపోవడం లేదు. కండ చితికే ప్రమాదం మాత్రం 54 శాతం ఎక్కువ. అక్కడ అందరు సైనికులకీ నీళ్ళు, విశ్రాంతి, ఎండ జాగ్రత్తలు నియమంగా ఉంటాయి. అంటే ట్రెయిట్ ఉన్నవాళ్ళు ఆడొచ్చు, బరువులెత్తొచ్చు, సైన్యంలో చేరొచ్చు. చెయ్యాల్సిందల్లా మెల్లగా పెంచుకుంటూ పోవడం, స్ప్రింటుకీ స్ప్రింటుకీ మధ్య పూర్తిగా ఊపిరి తీసుకోవడం, నీళ్ళు తాగడం, జ్వరంలో ఆడకపోవడం, కాళ్ళు బలహీనం అనిపించగానే ఆగడం. నొప్పి లేకుండా కాళ్ళు కూలిపోతుంటే, అది ట్రైనింగ్ మొదలైన కొద్దిసేపటికే అయితే, దాన్ని బద్ధకం అనుకోకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. జబ్బే ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

2023 జులై నుంచి కేంద్రం సికిల్ సెల్ మిషన్ నడుస్తోంది, మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి, 40 ఏళ్ళ లోపువాళ్ళకి పరీక్ష చేస్తున్నారు. పీహెచ్‌సీలో అడగండి, ఏఎన్‌ఎం అక్కని అడగండి. కోచ్‌లు ఎవరైనా ఈ పోస్టు చదువుతుంటే ఒక మాట, ఫలితాలు ఆ ప్లేయర్‌కి, డాక్టర్‌కి, మీకు తెలిస్తే చాలు. గోడ మీద లిస్టు పెట్టకండి, అది రేపు పెళ్ళి సంబంధాల దాకా పోతుంది. ట్రెయిట్ ఉందని జట్టులోంచి తీసెయ్యకండి. అసలు ఆ జాగ్రత్తలు అందరికీ పెడితే ఎవరికి ఏముందో అడగాల్సిన పనే ఉండదు.

అదే సమయంలో హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఆడవాళ్ళకి 12 దాటాలి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ప్రభుత్వ సర్వేనే చెప్పింది, మన ఆదివాసీ ఆడవాళ్ళలో అంతకన్నా ఎక్కువ. రక్తం లేకుండా ఎన్ని స్క్వాట్లు చేసినా రెండో సగంలో ఊపిరాడదు.

తిండి. బరువులెత్తేవాళ్ళకి ఒంటి బరువు కిలోకి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలంటారు. నాకు 54 కిలోలకి రోజుకి 86 గ్రాములు. హాస్టల్లో అన్నం కొండంత, పప్పు నీళ్ళంత. గుడ్డుకి 6 గ్రాములు. ఇప్పుడు తెలిసిందా గుడ్డు దగ్గర నాకు కోపం ఎందుకో! పౌడరు డబ్బాలు కొనే స్తోమత మనకి లేదు, అవసరమూ లేదు. ఉలవలు వంద గ్రాములకి 22 గ్రాములు, పల్లీలు 25 గ్రాములు. నానబెట్టిన శెనగలు, ఎండు చేపలు ఉన్నాయి. ఉట్నూరులో మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తారు, ప్రాక్టీసు తర్వాత రెండు తింటే ఏ ఎనర్జీ బారూ పనికిరాదు. ఇది నా అభిప్రాయం, సైన్సు కాదు.

జిమ్ లేనివాళ్ళు ఎలా మొదలుపెట్టాలి? సిమెంటు సంచి ఒకటి తీసుకుని లోపల బాటిళ్ళు పెట్టుకోండి. లీటరు బాటిల్లో పొడి ఇసుక నింపితే కిలోన్నర పైనే తూగుతుంది, బరువు పెంచడానికి అదే మన ప్లేటు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో రెండు రోజులు గ్యాపు. ఒళ్ళు వేడెక్కాక, అలసిపోకముందే ఐదు గెంతులు, టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత సంచి గుండెలకి హత్తుకుని కూర్చుని లేవడం, నేల మీద నుంచి సంచి ఎత్తడం, పుషప్స్, మామిడి కొమ్మకి వేలాడి గడ్డం పైకి లాగడం. ఒక్కోటి మూడు సెట్లు, సెట్టుకి ఐదు నుంచి ఎనిమిది. ఇంకో రెండు చెయ్యగలం అనిపించేటప్పుడే ఆపెయ్యండి. మూడు సెట్లలోనూ ఎనిమిది వస్తే ఒక బాటిల్ కలపండి. నడుము వంకరైతే బాటిల్ తియ్యండి. ఆఖర్న మోకాళ్ళ మీద కూర్చుంటే ఫ్రెండు మడమలు పట్టుకోవాలి, మనం మెల్లగా ముందుకి వాలాలి. దాన్ని నార్డిక్ అంటారు, తొడ వెనక కండ గాయాలు సగానికి తగ్గిస్తుందని చాలా అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. మొదటి వారం రెండు మూడు కంటే ఎక్కువ చెయ్యొద్దు, మర్నాడు మెట్లు దిగలేరు.

మెడకి, బ్యాలెన్సుకి యాక్టివేట్ అని వరల్డ్ రగ్బీ వాళ్ళ వార్మప్ ఉంది. 20 నిమిషాలు, సామాను అక్కర్లేదు. ఇంగ్లండ్ స్కూలు పిల్లల మీద పరీక్షిస్తే, వారానికి మూడుసార్లు చేసిన జట్లలో మ్యాచ్ గాయాలు 72 శాతం, తల అదిరే దెబ్బలు 59 శాతం తక్కువ. మేం ప్రతి ప్రాక్టీసుకి ముందు చేస్తాం. బంతి ముట్టుకునేది ఆ తర్వాతే.

మా చెల్లి గురించి అడుగుతారని తెలుసు. మూడు వారాలు విశ్రాంతి, తర్వాత డాక్టరమ్మ ఒప్పుకున్నాక ఖాళీ సంచితో మళ్ళీ మొదలు. ఇప్పుడు 45 కిలోలతో స్క్వాట్ చేస్తోంది, వింగ్‌లో ఆడుతోంది, జట్టులో తన కంటే ఫాస్ట్ ఎవరూ లేరు. సెట్టుకీ సెట్టుకీ మధ్య మూడు నిమిషాలు. గడియారం తనే చూసుకుంటుంది, ఎవరు తొందరపెట్టినా లేవదు.